టైరు మీద జాతకం

వేసవి సంచికకు ముఖచిత్ర కథనం కావాలి, గల్ఫ్‌లో మనవాళ్ళు పాత కార్లను సొంతంగా ఎలా బాగుచేసుకోవాలో రాయండి, గురువారం కల్లా పంపండి అన్నారు ఎడిటర్ గారు. కారు కింద దూరి, చేతులకు గ్రీజు పూసుకుని నవ్వుతున్న మనిషి ఫొటో ఆయన మనసులో ఉన్నట్టుంది. కువైట్ చమురు పట్నం అహ్మదిలో జులై నెలలో అలాంటి ఫొటో ఎవరూ దిగరు. జూన్ మొదటి నుంచి ఆగస్టు చివరిదాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని కువైట్‌లో నిబంధనే ఉంది. సొంత బండి కింద పడుకున్నవాణ్ణి ఆ నిబంధన అడ్డుకోదు గానీ, ఎండ అందరికీ ఒకటే.

సొంత మరమ్మతుతో డబ్బు బాగా మిగులుతుందన్న మాట మీద కూడా నాకు మొదటి నుంచీ నమ్మకం తక్కువ. స్పానర్ల సెట్టు, జాకీ, స్టాండ్లు కొని ఆయిలు మార్చుకునే లెక్క చాలామందికి గిట్టుబాటు కాదు. మరి ఎందుకు చేతులు పెట్టాలి? గరాజుకు వెళ్ళేముందు మన బండి సంగతి మనకు తెలియాలి కనుక. విప్పడం కంటే చూడటం పెద్ద విద్య.

ఇక్కడ ప్రవాసికి డ్రైవింగ్ లైసెన్సు దొరకడమే గగనం. చదువు, జీతం, ఉద్యోగం అన్నీ చూస్తారు. రాయచోటి నుంచో రాజంపేట నుంచో వచ్చి, ఆ గండాలన్నీ గట్టెక్కి మొదటిసారి కొనేది సాధారణంగా పదేళ్ళు దాటిన బండే. దేశం వదిలి వెళ్ళిపోతున్న వాళ్ళెవరో అమ్మిన కరోలానో, సన్నీనో. బేరం దగ్గర అందరి చూపూ మీటరు మీదే. లక్ష కూడా తిరగలేదట అని సంబరపడిపోతాం. కానీ ఇక్కడ బండిని అరగదీసేది రోడ్డు కంటే ఎండ. కువైట్ ఉత్తరాన మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. నీడ లేని పార్కింగులో తిరగకుండా నిలబడ్డ బండికి మీటరు కదలదు, రబ్బరుకు వయసు ఆగదు.

ఆ వయసు చెప్పే కాగితం ఒకటుంది. దఫ్తరులో (బండి రిజిస్ట్రేషన్ కాగితంలో) ఉండదు, టైరు మీద ఉంటుంది. ఈ కథనం కోసం పోగుచేసిన వాటన్నిటిలో నన్ను కట్టిపడేసింది అదే.

కరోలాకు వేసే ఒక మామూలు టైరు తీసుకోండి. 195/65 ఆర్ 15 91 హెచ్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. వెడల్పు 195 మిల్లీమీటర్లు. పక్కభాగం ఎత్తు అందులో 65 శాతం. రిమ్ము 15 అంగుళాలు. 91 అంటే ఒక్కో టైరు మోయగల బరువు 615 కిలోలు. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా ఓర్చుకుంటుందని. చాలా టైర్ల మీద ‘టెంపరేచర్’ అన్న మాట పక్కన ఏ, బీ, సీల్లో ఒక అక్షరం కూడా కనిపిస్తుంది. వేడిని తట్టుకోవడంలో ఏ మేటి, సీ కనీసం. సీ రకం ఎంత చవకగా వచ్చినా అహ్మదిలో కొనొద్దనే నేనంటాను.

అసలు సంగతి డీఓటీ అన్న అక్షరాల వెనక ఉంటుంది. ఆ వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో పుట్టిన టైరు. చివర మూడే అంకెలుంటే అది 2000 కంటే ముందుది, ముట్టుకోకండి. చాలామంది వెతికి, కనిపించక వదిలేస్తారు. కారణం, ఈ తేదీని టైరుకు ఒక పక్కనే వేసినా చాలు. ఆ పక్క లోపలికి తిరిగి ఉంటే స్టీరింగ్ పూర్తిగా తిప్పి, టార్చి వేసి ముందు టైర్ల లోపలి వైపు చూడాలి. బంచర్ (పంక్చర్) షాపులో కొత్త టైరు వేయించుకునేటప్పుడు తేదీ బయటికి వచ్చేలా వేయమని అడగండి. తిరిగే దిశ గుర్తో, బయటి వైపు ఏదో చెప్పే గుర్తో ఉన్న టైర్లయితే కుదరదు, మిగతావాటికి ఇబ్బంది లేదు.

ఐదేళ్ళు దాటితే ఏటా నిపుణుడికి చూపించమని, పదేళ్ళకు గీతలు ఎంత లోతుగా ఉన్నా తీసేయమని మిషెలిన్ అంటుంది. ఫోర్డ్ ఆరేళ్ళకే మార్చమంటుంది. ఈ ఎండలో నేను ఫోర్డ్ మాటే వింటాను. ఇందులో చిక్కంతా స్టెప్నీతో వస్తుంది. డిక్కీలో ఏళ్ళ తరబడి పడి ఉన్న స్టెప్నీ గీతలు చెదరకుండా కొత్తగా మెరుస్తుంది. అది వేసుకుని హైవే ఎక్కేస్తాం. దానికీ పుట్టిన తేదీ ఉందని మరిచిపోతాం.

ఎండకీ టైరుకీ ఉన్న ఈ పేచీ ప్రపంచానికి తెలియడానికి ముందే గల్ఫ్‌కు తెలిసింది. ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడిపోయి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు బోల్తా పడుతుంటే, 1999లోనే సౌదీలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ ఫోర్డ్ వాటిని మార్చడం మొదలుపెట్టింది. అమెరికాలో సుమారు 65 లక్షల టైర్లను ఫైర్‌స్టోన్ వెనక్కి పిలిచింది 2000 ఆగస్టులో. ఆ ప్రమాదాల్లో అక్కడ 270 మందికి పైగా చనిపోయారు. వాదనలు చాలా నడిచాయి గానీ, వాటిలో గాలి ఒత్తిడి ముఖ్యమైంది. ఫోర్డ్ చెప్పిన ఒత్తిడి 26 పీఎస్ఐ, అది తక్కువని విమర్శ. గాలి తగ్గితే టైరు ఎక్కువగా వంగుతుంది, వంగినకొద్దీ వేడెక్కుతుంది, ఆ వేడికి పొరలు విడిపోతాయి.

కాబట్టి సొంతంగా చేయవలసిన మొదటి పని గాలి చూసుకోవడం. మీ బండికి ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. టైరు పక్కన రాసి ఉండేది అది భరించగల గరిష్ఠ ఒత్తిడి, అంత పట్టించకూడదు. పొద్దున్నే బండి తీయకముందు కొలవాలి. వేడి 5, 6 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి దాదాపు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం హైవే దిగి కొలిచి, ఎక్కువైందని గాలి వదిలేస్తే తెల్లారేసరికి టైరు చప్పబడి ఉంటుంది.

అహ్మది గురించి కూడా ఒక పేరా కావాలన్నారు ఎడిటర్ గారు. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది, 1946 జూన్ 30న మొదటి ఓడ కదిలింది, అప్పటి పాలకుడు షేక్ అహ్మద్ అల్ జాబర్ పేరుతో కువైట్ ఆయిల్ కంపెనీ ఈ ఊరు కట్టింది. మిట్ట మీది ట్యాంకుల నుంచి చమురు పల్లానికి దానంతటదే రేవుకు దిగుతుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో 600కు పైగా చమురు బావులు మండాయి, చివరిది నవంబరు 6న ఆరింది. మిగతా చరిత్ర ఇంకో సంచికకు.

బాక్సు 1: ముట్టుకోవద్దు

వేడి ఇంజిను మీద రేడియేటర్ మూత తిప్పొద్దు. కూలెంటు ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరగదు, మూత తీయగానే ఒక్కసారిగా మొహం మీదికి చిమ్ముతుంది. ఉట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి దూరొద్దు. బ్రేకులు, ఏసీ గ్యాసు గరాజుకే వదిలేయండి. ఎయిర్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు, వైపర్లు మాత్రం మీరే మార్చుకోవచ్చు. దుమ్ము తుఫాను వెలిసిన మర్నాడు ఫిల్టర్లు ఒకసారి తీసి చూడండి. ఆయిలు సొంతంగా మార్చినా, తీసిన ఆయిలును ఇసుకలో పారబోయకండి, గరాజులో ఇచ్చేయండి.

బాక్సు 2: సెలవు మీద ఊరికి వెళ్తుంటే

రెండు నెలలు బండి కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది. చాలా జపాన్ బండ్లకు 10 నంబరు స్పానరు చాలు. ఇంజిను ఆపి, తాళంచెవి బయటికి తీసి, ముందు మైనస్ తీగ తీయండి. తిరిగి బిగించేటప్పుడు మైనస్ చివర పెట్టాలి. టైర్లలో స్టిక్కరు మీదున్నంత గాలి పట్టించి వెళ్ళండి. వెళ్ళేముందు స్టెప్నీతో కలిపి ఐదు టైర్ల తేదీలూ ఫోనులో ఫొటో తీసుకోండి. ఆరేళ్ళు దాటిన టైరు ఒక్కటున్నా, తిరిగొచ్చాక హైవే ఎక్కకముందే మార్పించండి.