పాట మీ జేబులో... తాళంచెవి కంపెనీ చేతిలో!

దసరాకి ఊరెళ్ళాను. అరుగు మీద నాన్న ఒక్కరే కూర్చుని ఉన్నారు. పక్కన నేను కొనిచ్చిన ఫోను. పాటా లేదు, పలుకూ లేదు!

"ఏం నాన్నా, ఘంటసాలగారు అలిగారా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "నేనే ఏదో నొక్కి పాడుచేశాన్రా. డబ్బు పోసి కొన్నావు, చెబితే బాధపడతావని ఊరుకున్నాను" అన్నారు.

నా గుండె చివుక్కుమంది. అమ్మ పోయాక ఆయనకి ఆ పాటలే తోడు. ఊళ్ళో సిగ్నల్ అంతంతమాత్రమని, హైదరాబాద్‌లో కూర్చుని రెండొందల పాటలు నేనే దించి ఇచ్చాను. ఫోను తీసి చూస్తే పేర్లున్నాయి, బొమ్మలున్నాయి... ఒక్కటీ పాడదు! ఏమైనట్టు?

దించుకుంటే కొనుక్కున్నట్టు కాదు!

ఇక్కడే ఉంది తిరకాసు. చందా కట్టే మ్యూజిక్ యాప్‌లో 'డౌన్‌లోడ్' నొక్కితే పాట ఫోన్లోకి వస్తుంది, నిజమే. కానీ తాళం వేసుకుని వస్తుంది! ఆ తాళం తీయగలిగేది ఆ యాప్ ఒక్కటే. ఆ పాటని స్నేహితుడికి పంపలేరు, పెన్‌డ్రైవ్‌లో వేసి కారులో పెట్టుకోలేరు. ఒక్క నెల చందా కట్టి, వేల పాటలు దించుకుని జారుకుంటారేమోనని కంపెనీల భయం. అందుకే యాప్ అప్పుడప్పుడూ నెట్‌లోకెళ్ళి "ఈయన చందా ఉందా?" అని అడిగి రావాలి. స్పాటిఫై అయితే కనీసం 30 రోజులకోసారి రమ్మంటుంది. నాన్న ఫోను నెట్ మొహం చూసి రెండు నెలలు దాటింది. ఇంకేముంది, అంతే సంగతులు! ఆయన తప్పు ఇసుమంతైనా లేదు.

ఆరో ఫోను వస్తే?

అన్నట్టు, పరికరాలకీ లెక్కుంది. స్పాటిఫై మొదట్లో 3 పరికరాల్లో, ఒక్కోదానిలో 3,333 పాటలే దించుకోనిచ్చేది. 2018లో దాన్ని 5 పరికరాలకి, ఒక్కోదానికి 10,000 పాటలకి పెంచింది. ఆరోదానిలో దించారనుకోండి... చాలాకాలంగా వాడకుండా పడున్న పరికరంలోని పాటలు ఎగిరిపోతాయి! కొత్త ఫోను కొన్నా అంతే. మీ పాటల జాబితా వెంట వస్తుంది కానీ, పాటలు మళ్ళీ దించుకోవాల్సిందే.

అసలు దుకాణమే మూసేస్తే? మన దేశంలో రెస్సో 2024 జనవరి 31తో ఆగిపోయింది. అదే ఏడాది వింక్ మ్యూజిక్ కూడా తలుపులు మూసేసింది. హక్కుల గొడవ మరొకటి. స్పాటిఫై మన దేశానికి 2019 ఫిబ్రవరిలో వచ్చినా, హెచ్.ఎం.వి. నాటి పాత పాటలున్న సారేగామాతో ఒప్పందం కుదిరింది 2020లోనే! ఒప్పందం ఉన్నన్నాళ్ళే పాట.

మరి మనమేం చేయాలి?

ప్రయాణానికి ముందురోజే యాప్ తెరిచి, నెట్ ఆపేసి, ఒక పాట పాడించి చూడండి. వాడని పాత ఫోన్లలోంచి మీ ఖాతా తీసేయండి. చందా గడువు గుర్తుంచుకోండి. ప్రాణంతో సమానమైన నాలుగు పాటలుంటే సి.డి.గానో, డబ్బిచ్చి కొనుక్కునే ఫైలుగానో దాచుకోండి. వాటిని ఎవరూ వెనక్కి లాక్కోరు!

ఆ రాత్రి నా ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి నాన్న ఫోను కలిపాను. రెండు నిమిషాల్లో ఘంటసాల గొంతు అరుగంతా నిండింది. జరిగిందంతా విడమరిచి చెప్పాను.

"అయితే నెలకోసారి దీన్ని ఎవరో ఒకరు పలకరించాలన్నమాట" అన్నారు నాన్న. కాసేపాగి, మెల్లగా... "దీనికే కాదురా, నాకూ అంతే!"

ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం నేను ఊళ్ళోనే ఉంటున్నాను.