విద్యకు వేగపు కాలువలు

గోదావరి జిల్లాలవారికి కాలువ అనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప నది నీరు పెద్ద కాలువలలోనికి, అచ్చటినుండి పిల్ల కాలువలలోనికి, అచ్చటినుండి బోదెలలోనికి పారి డెల్టా పొలములను తడిపినది. కాని నదికి ఎంతో దూరము కాకున్నను కోరుకొండ ప్రాంతపు మెట్టకు ఆ కాలువల నీరు ఎక్కలేదు. నేల ఎత్తుగా నుండుటచేత అచ్చట నీటిని యంత్రములతో ఎత్తిపోయవలసి వచ్చినది. నదిలో నీరుండుట వేరు, చేనికి నీరు చేరుట వేరు.

ఈనాడు విద్య విషయమునను ఇట్టి స్థితియే యున్నది. ప్రపంచమునందలి శాస్త్ర గ్రంథములు, పత్రికలు, పరిశోధనల ఫలితములు నేడు కంప్యూటర్లలో నిలువయై యున్నవి. అవి యెచ్చటనో యున్నవని తెలిసినంత మాత్రమున మన కళాశాలలోని విద్యార్థికి ప్రయోజనము లేదు. వానిని తెచ్చు కాలువ కావలెను. విశ్వవిద్యాలయముల కొఱకు, పరిశోధనాలయముల కొఱకు ప్రత్యేకముగా త్రవ్విన అట్టి కాలువలే వేగవంతమైన కంప్యూటరు జాలములు. అవి యెట్లు పుట్టినవి, యెట్లు పనిచేయును, మన ప్రాంతమునకు వానితో నేమి పని అను సంగతులను ఇచ్చట విచారింతము.

కంప్యూటర్లను దూరమునుండి కలుపు ప్రయత్నము విశ్వవిద్యాలయములలోనే మొదలైనది. 1969 అక్టోబరు 29వ తేదీన అమెరికాలో లాస్ ఏంజిలిస్ నందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయమునకు తొలి సందేశము పోయినది. ఆ సంవత్సరాంతమునకు అందులో చేరిన కేంద్రములు నాలుగే. అటుపిమ్మట ఇంగ్లండు మొదలగు దేశములు తమ విశ్వవిద్యాలయములకై జాలములను నిర్మించుకొన్నవి.

మన దేశమున ఈ పని 1986లో ప్రారంభమైనది. కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమపు సహాయముతో ‘ఎర్‌నెట్’ అను జాలమును తలపెట్టినది. మొదట అందులో చేరినవి ఎనిమిది సంస్థలు: ఢిల్లీ, బొంబాయి, కాన్పూరు, ఖరగ్‌పూరు, మద్రాసులలోని ఐఐటీలు ఐదు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రము, ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్ శాఖ. ఆంధ్రదేశమునందలి సంస్థ ఆ యెనిమిదింటిలో ఒక్కటియు లేదు. విదేశములతో కలిపిన తొలినాటి తీగ సెకనుకు 9,600 బిట్లను మాత్రమే మోయగలిగెడిది. దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు లభించినది 1995 ఆగస్టు 15న; విద్యాలయముల జాలము అంతకుముందే పుట్టియుండెను.

2002లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ‘ఇన్ఫోనెట్’ అను పథకముతో విశ్వవిద్యాలయములను ఈ జాలమునకు చేర్చనారంభించినది. 2010 మార్చిలో కేంద్ర మంత్రివర్గము 5,990 కోట్ల రూపాయల వ్యయముతో జాతీయ జ్ఞాన జాలమును మంజూరు చేసినది. విశ్వవిద్యాలయములు, పరిశోధనాలయములు, వైద్య కళాశాలలు, వ్యవసాయ సంస్థలు మొత్తము 1,500 వరకు దీనిలో చేరవలెనని సంకల్పము. దీని వెన్నెముక వంటి ప్రధాన మార్గముల వేగము సెకనుకు 10 గిగాబిట్లు, అనగా వేయి కోట్ల బిట్లు.

ఈ అంకెలు చెవికి పెద్దవిగా వినబడునేగాని మనసున కెక్కవు. ఒక లెక్క వేసి చూతము. ఒక పరిశోధకుడు ఒక టెరాబైటు సమాచారమును తెప్పించుకొనవలసియున్నదనుకొందము. అది ఎనిమిది లక్షల కోట్ల బిట్లు. తొలినాటి 9,600 బిట్ల తీగ మీద అది వచ్చి చేరుటకు 26 సంవత్సరములు పట్టును. సెకనుకు 10 మెగాబిట్ల తీగపై తొమ్మిది రోజులు దాటును. ఒక గిగాబిట్టు మార్గమున రెండుంబావు గంటలలోపల ముగియును. పది గిగాబిట్ల మార్గమున 14 నిమిషములు చాలును. పరిశోధకునికి ఇది సౌఖ్యమునకు సంబంధించిన విషయము కాదు. తొమ్మిది రోజులు పట్టు పనిని ఎవరును దినదినము చేయబూనరు. రెండు గంటలలో నగు పనియైనచో ఉదయము ప్రారంభించి మధ్యాహ్నమునకు ఫలితము చూడవచ్చును.

ఇంతటి వేగమునకు మూలము వెండ్రుకవంటి సన్నని గాజు నార. దాని నడిమి గాజు ఒక విధమైనది, దానిని చుట్టిన గాజు మఱియొక విధమైనది. లోనికి పంపిన వెలుతురు ఆ రెంటి సరిహద్దున తగిలి, వెలికి పోజాలక, లోపలికే ప్రతిఫలించుచు ముందుకు సాగును. ఆ వెలుతురు మినుకులే సమాచారము. గాజులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. కనుక 1,600 కిలోమీటర్ల నారను దాటుటకు దానికి సెకనులో వెయ్యవ వంతులు ఎనిమిది చాలును. భూమికి 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిచిన ఉపగ్రహము ద్వారా పంపినచో, పైకి పోయి క్రిందికి వచ్చుటకే పావు సెకను పట్టును.

రేడియోలో ఒక కేంద్రము పలుకగా వేలమంది విందురు. వినువారు తిరిగి పలుకుట లేదు. కంప్యూటరు జాలమున ప్రతి కేంద్రమును పలుకును, ప్రతి కేంద్రమును వినును. అందుచేత పంపవలసిన సమాచారమును చిన్న చిన్న పొట్లములుగా విభజించి, ప్రతి పొట్లముపై చిరునామా వ్రాసి విడుతురు. కూడలి కూడలికి ఉన్న రూటరు అను యంత్రములు ఆ చిరునామా చదివి, తగిన దారిని త్రోయును. గమ్యమున అవి తిరిగి వరుసగా కూర్పబడును. దారిలో ఒక పొట్లము తప్పిపోయినచో, మార్గము క్రిక్కిరిసినదని యెంచి పంపు యంత్రము తన వేగమును చాలవఱకు తగ్గించుకొనును. ఇందువలననే సామాన్యులు వాడు తీగలు పరిశోధనకు చాలవు. అవి పెక్కుమంది కొద్దికొద్దిగా వాడుకొనుటకు ఏర్పడినవి. వానియందు తెచ్చుకొను వేగమెక్కువ, పంపు వేగము తక్కువ. పరిశోధనాలయము తెచ్చుకొన్నంత పంపవలసియుండును. దానికి పొట్లము తప్పని, ఇరుదిక్కుల సమానమైన మార్గము కావలెను.

తీరప్రాంతమువారు గమనింపదగిన సంగతి మఱియొకటి యున్నది. జాలమును ఒకే తీగగా నిర్మించినచో అది తెగిన క్షణమున అంతయు ఆగును. కావున ప్రధాన మార్గములను వలయములుగా కలుపుదురు. ఒకవైపు తెగినను సమాచారము రెండవవైపుగా చుట్టి వచ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు విద్యుత్తు, టెలిఫోను తీగలు ఎంతగా దెబ్బతిన్నవో మనము మరువలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఫైబర్‌నెట్ పథకమున గాజు నారలను విద్యుత్ స్తంభములమీదుగా లాగినారు. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించినారు. భూమి త్రవ్వు ఖర్చు మిగులుటచేత ఆ పద్ధతి త్వరగా పల్లెలకు చేరును. కాని స్తంభము కూలిన నాడు నారయు నేలకొరుగును. భూమిలో పాతిన నార గాలికి వెఱవదు గాని రోడ్డు త్రవ్వు గునపమునకు వెఱచును. రెండు విధములును కలసి, రెండు దారులుగా నున్నప్పుడే జాలమునకు భద్రత.

ఈ జాలముతో సేద్యమునకేమి సంబంధమని కొందరడుగవచ్చును. పశ్చిమ గోదావరి జిల్లాలోని మారుటేరు వరి పరిశోధన కేంద్రమునుండి 1982లో స్వర్ణ అను వంగడము వెలువడినది. అది డెల్టాను దాటి దేశమున పలు రాష్ట్రములకు ప్రాకినది. కాని వరదనీట మునిగినచో తట్టుకొనలేదు. ఒరిస్సాలోని ఒక పాత నాటు రకమునకు ముంపును ఓర్చు గుణమున్నది. ఆ గుణమునకు కారణమైన జన్యువును అమెరికా, ఫిలిప్పీన్సు దేశములలోని శాస్త్రజ్ఞులు గుర్తించి 2006లో ప్రకటించిరి. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆ జన్యువును స్వర్ణలో ప్రవేశపెట్టగా, స్వర్ణ-సబ్1 అను వంగడము 2009లో మన దేశమున విడుదలైనది. మారుటేరు విత్తనము, ఒరిస్సా గుణము, కాలిఫోర్నియా విద్య, మనీలా చెంతనున్న ప్రయోగశాల — ఇన్ని చేరినగాని రైతు చేనిలో ఒక మొక్క రెండు వారముల ముంపును ఓర్చలేదు. నేటి వరి పరిశోధనలో ఒక్కొక్క వంగడపు జన్యు లిపినంతయు చదివి పోల్చుచున్నారు. ఒక్క వరి జన్యు లిపిలో దాదాపు నలువది కోట్ల అక్షరములుండును. ఆ రాశిని దేశములమధ్య కదలించుట తపాలాతో సాధ్యము కాదు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము రాజమహేంద్రవరమున ఏర్పడి రాజానగరమున నెలకొన్నది. తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వచ్చినది. కోరుకొండ నరసింహస్వామి కొండ క్రింది పల్లెలనుండియు పిల్లలు పై చదువులకు పోవుచున్నారు. వారిలో ఎక్కువమంది విశ్వవిద్యాలయ ప్రాంగణమున గాక, దానికి అనుబంధముగా నున్న డిగ్రీ కళాశాలలలో చదువుదురు. అసలు చిక్కు అచ్చటనే యున్నది. 2009లో కేంద్ర ప్రభుత్వము తలపెట్టిన విద్యా పథకమున విశ్వవిద్యాలయమునకు ఒక గిగాబిట్టు, కళాశాలకు 10 మెగాబిట్లు చొప్పున నిర్ణయించినారు. అనగా కళాశాలకు వచ్చినది నూరవ వంతు. దానినే వందలమంది పంచుకొనవలెను.

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గము ‘ఒకే దేశము, ఒకే చందా’ అను పథకమును ఆమోదించినది. మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలతో, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందజేయుట దాని ఉద్దేశ్యము. 2025 జనవరినుండి అది అమలులోనికి వచ్చినది. ఒకనాడు పెద్ద విశ్వవిద్యాలయములు సైతము కొనజాలని పత్రికలు ఇట్లు మారుమూల ప్రభుత్వ కళాశాలకును దక్కినవి. నది నిండినది. ఇక చూడవలసినది కాలువ.

ఆ కాలువ చివర శ్రద్ధ లోపించినచో పైనున్న వేగమంతయు వృథా యగును. గిగాబిట్టు మార్గము కళాశాల గుమ్మమువరకు వచ్చి, లోపల పాత తీగలు, పాత యంత్రములు ఉన్నచో గదిలోని విద్యార్థికి చేరునది ఆ పాత తీగ మోసినంతయే. తూము ఇరుకైనచో పెద్ద కాలువ నిండుగా పారినను చేనికి తడి చాలదు గదా! నిర్మాణమునకు ఒక్కమారు నిధులిచ్చి మఱచుట చాలదు. కాలువకు పూడిక తీయునట్లు, జాలమునకును ఏటేటా మరమ్మత్తు, దానిని ఎఱిగిన మనిషి కావలెను. విద్యుత్తు పోయినప్పుడు నిలువయుండు ఏర్పాటు కావలెను. ఈ మూడును చిన్న విషయములు. కాని పెక్కు కళాశాలలలో కొరతపడునవి ఈ మూడే.

కావున తలిదండ్రులకు మా మనవి యొక్కటే. పిల్లలను కళాశాలలో చేర్చునప్పుడు భవనములను, బస్సులను చూచినట్లే, అచ్చటి గ్రంథాలయమునుండి జాతీయ పత్రికల సంచయము తెఱచుకొనుచున్నదా, ఒక్క వ్యాసము దిగుటకు ఎంతసేపు పట్టుచున్నది అని కూడ అడుగుడు. మెట్టకు నీరు ఎక్కినది జనులు కోరినందున, పాలకులు ఎత్తిపోసినందున. ఈ జాలమును అంతే. అడిగినవారి చేనికే ముందు నీరు చేరును.