మీకు తెలుసా? మంత్రి ముందు బంటు

చదరంగంలో రాజు ముందు బంటును రెండు గళ్ళు తోసి ఆట మొదలుపెట్టినా, మంత్రి ముందు బంటును తోసి మొదలుపెట్టినా ఒకటే అనిపిస్తుంది. ఒకటి కాదు. రాజు బంటు ఇ4కి చేరగానే దాన్ని కాసే పావు ఒక్కటీ ఉండదు. డి4కి వెళ్ళిన బంటుకు మాత్రం వెనక నిలబడ్డ మంత్రి అండ అప్పటికే ఉంటుంది. మన మంత్రినే ఇంగ్లిషువాళ్ళు రాణి అంటారు కాబట్టి వాళ్ళకిది క్వీన్స్ పాన్ ఓపెనింగ్.

డి4కి జవాబుగా నల్లవారు డి5 వేస్తే, తెల్లవారు సి4 వేయడమే క్వీన్స్ గాంబిట్. 2020లో వచ్చిన నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌తో ఈ పేరు చదరంగం రానివాళ్ళకీ తెలిసింది. గాంబిట్ అంటే బంటును ఎరగా వదలడం. కానీ ఇక్కడ ఎర పోయేదేమీ లేదు! బోర్డు దగ్గర ఉంటే పావులు కదిపి చూడండి. నల్లబంటు సి4లోని తెల్లబంటును కొట్టింది. తెల్లవారు ఇ3 వేశారు. కొట్టిన బంటును దక్కించుకోవాలన్న ఆశతో నల్లవారు బి5 వేశారు. తెల్లవారు ఎ4 అన్నారు, నల్లవారు సి6తో కాపు పెట్టారు. బి5లో బంట్లు మారాయి. ఇప్పుడు తెల్లమంత్రి డి1 నుంచి ఎఫ్3కి వస్తే, ఐమూలగా ఎ8 దాకా దారి ఖాళీ. ఆ మూలన నల్ల ఏనుగు. డి5, సి6, బి7 గళ్ళు మూడింటినీ ఖాళీ చేసింది నల్లబంట్లే. ఏనుగును కాపాడుకోవాలంటే గుర్రాన్నో, శకటునో వదులుకోవాలి. ఒక్క బంటు మీది ఆశ అంత పని చేస్తుంది. ఈ వల ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే.

అందుకే గట్టి ఆటగాళ్ళు చాలామంది ఆ బంటును ముట్టుకోకుండా ఇ6తో డి5ను బలపరుస్తారు. 1927లో బ్యూనస్ ఐరీస్‌లో ప్రపంచ కిరీటం కోసం కపబ్లాంకా, అలెఖిన్ ఆడిన 34 ఆటల్లో 32 ఇలాంటివే.

ఇక అసలు సంగతి. మంత్రి బంటుకు ఎదురుగా ఆడే కింగ్స్ ఇండియన్, క్వీన్స్ ఇండియన్, నిమ్జో ఇండియన్‌లలో మన దేశం పేరెందుకుంది? మన పాత చదరంగంలో చాలాచోట్ల బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది. ఆ అలవాటున్నవాళ్ళు నడుమ గళ్ళ కోసం ఎగబడరు. గుర్రాన్ని బయటికి తెచ్చి, బంటును ఒక్క గడి జి6కి జరిపి, దాని వెనక శకటును కూర్చోబెట్టి దూరం నుంచే నడుమను గురిపెడతారు. కలకత్తాలో మహేశ్‌చంద్ర బెనర్జీ ఇలాగే ఆడేవారు. ఆయన ఎదురాడింది స్కాట్లండ్‌కు చెందిన బారిస్టర్ జాన్ కోక్రన్. వాళ్ళిద్దరూ కొన్ని వందల ఆటలాడారు.

1855లో కోక్రన్ డి4తో మొదలుపెట్టిన ఒక ఆటలో మహేశ్‌చంద్ర గుర్రాన్ని ఎఫ్6లో దింపి, జి6 వేసి, మూడో ఎత్తులో డి5 అన్నారు. సరిగ్గా ఇవే ఎత్తులు 67 ఏళ్ళ తర్వాత, 1922లో, ఆస్ట్రియా ఆటగాడు గ్రున్‌ఫెల్డ్ చేతిలో పేరుకెక్కాయి. ఈనాటికీ అది గ్రున్‌ఫెల్డ్ డిఫెన్సే. అందులో మహేశ్‌చంద్ర పేరు లేకపోవడం నాకు నిజంగా కష్టంగా ఉంటుంది.

ఆ ఆటలో ఆయన ఓడిపోయారు. ఓడిన తీరు కూడా చూసి తీరాలి. తెల్లగుర్రం హెచ్6లో దూకి రెండువైపుల నుంచి చెక్ చెబుతుంది. రాజు మూలకు తప్పుకుంటాడు. తెల్లమంత్రి తానై జి8లోకి వెళ్ళి ఏనుగుకు బలవుతుంది. ఇప్పుడు రాజు చుట్టూ సొంత పావులే, కదలడానికి గడి లేదు. గుర్రం ఎఫ్7కి వస్తుంది. ఆట కట్టు.