బండికి కందెన

ఎడ్లబండి రోజుల్లో ఇరుసుకు కందెన పెట్టనిదే బండి ఊరు దాటేది కాదు. మరచిపోతే కిర్రుమని బండే అడిగేది. ఇప్పటి మోటారు సైకిలు అలా అడగదు. లోలోపలే అరిగిపోయి, ఒకనాడు నడిరోడ్డుమీద కూలబడుతుంది.

మా బండికి జరిగింది అదే. హయత్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ మెట్రో స్టేషనుకు రోజూ దానిమీదే పోతాను. ఒక సాయంత్రం విజయవాడ రోడ్డుమీద, లారీల మధ్య ఇంజను పట్టేసింది. నెట్టుకొంటూ తీసుకుపోతే మెకానిక్కు నూనె కొలిచే పుల్ల తీసి చూచి, "ఆయిల్ ఎన్నడు మార్పించిన్రు సార్?" అన్నాడు. నాకు జ్ఞాపకం లేదు. పుల్లకు తడే లేదు! కొద్ది వందలతో పోయేదానికి బోరూ, పిస్టనూ మార్చవలసి వచ్చి ఆ నెల ఇంటి ఖర్చు తలక్రిందులయింది.

ఇంజను నూనె చేసే పని ఒకటి కాదు. లోహానికీ లోహానికీ మధ్య పొరగా నిలిచి ఒరిపిడి తగ్గిస్తుంది, వేడిని మోసుకుపోతుంది, మసిని తనలో కలుపుకొంటుంది. అందుచేత నల్లబడినంత మాత్రాన నూనె చెడిందనుకోరాదు. చూడవలసినవి కిలోమీటర్లూ, నెలలూ.

ఎప్పుడు మార్చాలి? బండితో ఇచ్చిన పుస్తకమే ప్రమాణం. చాలా మోటారు సైకిళ్లకు 3,000 నుంచి 6,000 కిలోమీటర్లు. చాలా పెట్రోలు కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందయితే అది. దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో ఆగి ఆగి నడిచే బండికి, దుమ్ములో తిరిగే బండికి ఇంకా ముందే మార్చాలి. దగ్గరి ప్రయాణాలూ మంచివి కావు. ఇంజను పూర్తిగా వేడెక్కదు గనుక నూనెలో చేరిన తేమ ఆవిరైపోదు.

డబ్బామీద '20డబ్ల్యు-40' అని ఉంటుంది. డబ్ల్యు అంటే వింటరు, చలికాలమన్నమాట. ముందు అంకె చలిలో నూనె ఎంత తేలికగా పారుతుందో, వెనుక అంకె వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెపుతుంది. గేర్ల మోటారు సైకిళ్లలో చాలావాటికి క్లచ్చి కూడా ఈ నూనెలోనే మునిగి ఉంటుంది. చౌక అని కారు నూనె పోస్తే క్లచ్చి జారవచ్చు. 'జాసో ఎం.ఎ.' గుర్తూ, మూత సీలూ చూచి కొనండి.

పదిహేను రోజులకొకసారి బండిని చదునైన చోట నిటారుగా నిలిపి, పుల్ల తుడిచి చూడండి. నూనె రెండు గీతల మధ్య ఉండాలి. తీసిన పాత నూనెను మాత్రం మురుగు కాలువలో పోయనీయకండి. చెరువులకు అది విషం.

ఇప్పుడు మా ఇంట్లో కాలెండరుమీద పాలలెక్క ప్రక్కనే మా ఆవిడ బండి నూనె తేదీ కూడా వ్రాసి పెడుతున్నది. నేను మరచినా, ఆమె మరవదు!