ఏటికి ఎదురుగా పాపికొండలకు

భీష్మైకాదశినాటి రథోత్సవమునకు అంతర్వేది చేరు యాత్రికులు లక్ష్మీనరసింహస్వామిని సేవించి, సాగరసంగమమున స్నానమాడి, అన్నాచెల్లెళ్ళ గట్టువద్ద కొంతతడవు నిలిచి మరలిపోవుదురే కాని, తాము నిలిచిన ఆ నేల యెక్కడినుండి వచ్చినదని యడుగువారు వారిలో అరుదు. నాసికకు చేరువనున్న త్ర్యంబకమున జన్మించి 1,465 కిలోమీటర్లు పయనించు గోదావరి, తూర్పుకనుమలను చీల్చుకొని పాపికొండల నడుమ ఇరుకునబడి, ధవళేశ్వరము దాటి గౌతమీ వశిష్ఠలుగా విడివడి, మోసికొనివచ్చిన ఒండ్రును యుగయుగములుగా దించగా నేర్పడినదే కోనసీమ. కావున పాపికొండల జాతీయోద్యానమును చూడగోరు అంతర్వేదివాసి ఏటికి ఎదురుగా పోవుటయే ఉచితమని నా మతము. సఖినేటిపల్లి రేవున పంటు ఎక్కి నరసాపురము మీదుగా పోయినను, రాజోలు మీదుగా బస్సులో పోయినను, రాజమహేంద్రవరము చేరిన పిదపనే అసలు ప్రయాణము.

పాపికొండల అడవి 1978లో అభయారణ్యముగను, 2008లో జాతీయోద్యానముగను ప్రకటింపబడినది. వైశాల్యము 1,012 చదరపు కిలోమీటర్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అభయారణ్యమున అనుమతితో పశువులను మేపుకొనవచ్చును. జాతీయోద్యానమున అదియును కూడదు. 1872లో అమెరికాలోని ఎల్లోస్టోన్‌తో మొదలైన ఈ జాతీయోద్యాన పద్ధతి, నేడు కార్బెట్ పేర బరగుచున్న హేలీ వనముతో 1936లో మన దేశమున అడుగిడినది.

ఒకప్పుడు లాంచీలో పోవువారికి గోదావరి నడుమ పట్టిసీమ దీవియు, దానిపై వీరభద్రాలయమును మొదట కనులబడెడివి. గండిపోచమ్మ గుడి దాటినది మొదలు కొండలు ఇరువైపులనుండి దగ్గరకు జరిగి, ఒక్కొక్క మలుపున నది ఇక లేదేమో యనిపించి, అంతలోనే మరల తెరచుకొనును. పేరంటపల్లి శివాలయమును, కొల్లూరు వెదురుగుడిసెలను చూచి పాపికొండలను చూచితిమని చెప్పుకొనువారే పెక్కుమంది. వారు చూచినది అడవి అంచు మాత్రమే. పులి, చిరుత, అడవిదున్న, కణుజు, ఎలుగుబంటి లాంచీ మైకులో సినిమాపాట మ్రోగుచుండగా ఒడ్డున దర్శనమిచ్చునా! రాతిసందులలో పగలెల్ల దాగియుండు బంగారుబల్లి సంగతి చెప్పనే యక్కరలేదు.

జలపాతములు నదినుండి కానరావు. వానికొరకు రోడ్డుదారిని రంపచోడవరము, మారేడుమిల్లి పోవలెను. రంప జలపాతము, జలతరంగిణి, అమృతధార ఆ దారివే. అవి కేవలము విహారస్థలములు కావు. అడవిపై ఆంక్షలును, దారులు వేయుటకు చేయించిన వెట్టిచాకిరియు సహింపలేని కొండప్రజలు 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడచినది ఈ మన్యముననే. ఉద్యానమనగానే నిర్మానుష్యమైన పచ్చదనమును ఊహించుకొను పట్టణవాసులు, వెదురుతో సర్వమును అల్లుకొని పోడు చేసికొని బ్రతికిన కొండరెడ్లు ఈ కొండలకు ఏ చట్టముకన్నను పూర్వులని గుర్తింపవలెను.

కొండ, దీవి, జలపాతము ప్రకృతి యిచ్చినవి; సరస్సును మాత్రము మానవుడు నిర్మించుచున్నాడు. పోలవరము జలాశయము 150 అడుగుల పూర్తిమట్టమునకు నిండినచో ఇరుకున పరుగెత్తు నీరు నిలిచి కొండల మొదళ్ళను ముంచును. దేవీపట్నము మొదలైన ఊళ్ళవారు ఇప్పటికే పునరావాసకాలనీలకు తరలిరి. ఆ నీటివలన మెట్టపొలములకు కలుగు మేలు గొప్పదే. అయితే నిలిచిన నీటిలో ఒండ్రు అడుగున దిగిపోవునుగదా! ఎగువనున్న ఆనకట్టలచే ఇప్పటికే ఒండ్రు తగ్గుటవలన డెల్టా తీరము వెనుకకు జరుగుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అంతర్వేది పల్లిపాలెమువారు అలలు ఇండ్లలోనికి వచ్చుటను కన్నులార చూచుచున్నారు. కొండల విషయమున తీరవాసి కిట్లు యాత్రికుని వేడుకకు మించిన యాసక్తి యుండవలెను.

వేళ విషయమున ఒక మాట. జలపాతములకు వానలు వెనుకబడిన ఆశ్వయుజమే అదను; లాంచీకి మార్గశిర పుష్యములు మేలు. వరద వేగమునకు ఏ సరంగు నేర్పును చాలదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద వరదగోదావరిలో పడవ మునిగి పదులకొలది విహారయాత్రికులు మరణించిరి. లైఫ్‌జాకెట్ వేసికొనుడని సిబ్బంది చెప్పినప్పుడు ఉక్కయని విప్పివైచు అలవాటును మానవలెను. వరదకాలమున లాంచీలు ఆపివేసిరని వినినవారు అధికారులను నిందింపక, ఆ దినమును మారేడుమిల్లి దారికి మార్చుకొనవచ్చును.