కడుపులో బిడ్డకూ వాటా ఉంది: ఒక్క ఊపిరితో మారిపోయే వారసత్వ లెక్క

ఇంట్లో చెట్టంత కొడుకు ఇంతెఖాల్ అయ్యాడు. భార్యకు ఏడో నెల. జియారత్‌కు వచ్చిన చుట్టాల్లో ఎవరో ఒకరు మూడో రోజే మాట ఎత్తుతారు: "ఇల్లు, ప్లాటు సంగతి తేల్చేసుకుంటే మంచిది కదా భాయ్."

మంచిది కాదు. వారసులు ఎవరో ఇంకా తేలలేదు కాబట్టి.

మన దేశంలో ముస్లింల వారసత్వం 1937 షరియత్ చట్టం కింద నడుస్తుంది. వాటాలకు మూలం సూరా నిసాలోని 11, 12 ఆయతులు. అందులో ఎవరి వాటా అయినా పక్కన ఇంకెవరు ఉన్నారన్నదాని మీద ఆధారపడుతుంది. అందుకే ఒక పుట్టుక ఇంట్లో అందరి లెక్కనూ కదుపుతుంది. ఇక్కడ చెప్పేది హనఫీ పద్ధతి. షియాల లెక్క వేరు.

చనిపోయిన వ్యక్తికి అమ్మీ, అబ్బా, భార్య, ఒక చెల్లి ఉన్నారనుకోండి. ఇదే తొలి కాన్పు. పంచాల్సింది 24 లక్షలు. అంటే కఫన్-దఫన్ ఖర్చు, అప్పులు, వసియత్ ఉంటే అదీ పోగా మిగిలింది. అప్పుల్లో భార్యకు ఇవ్వని మహర్ కూడా ఉంటుంది. జనాజా లేవబోయే ముందు "మహర్ మాఫ్ చేశానని చెప్పు బేటీ" అని ఏడుస్తున్న పిల్ల దగ్గర అనిపించే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. ఆ సమయంలో ఆమె ఏం ఆలోచించి చెప్పగలదు? వేరే ఎవరి బాకీ అయినా అలా మాఫ్ చేయించుకుంటామా?

ఇక లెక్క. కొడుకు పుడితే భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3 లక్షలు. అమ్మీకి, అబ్బాకు ఆరో వంతు చొప్పున చెరో 4 లక్షలు. మిగిలిన 13 లక్షలు బాబువి. కూతురు పుడితే సగం, 12 లక్షలు పాపవి. భార్యకు 3, అమ్మీకి 4, మిగిలింది కలుపుకొని అబ్బాకు 5. బిడ్డ చనిపోయి పుడితే అసలు లేనట్టే లెక్క. అప్పుడు భార్యకు పావు వంతు, 6 లక్షలు. మిగతా 18లో మూడో వంతు, అంటే ఇంకో 6 అమ్మీకి. 12 అబ్బాకు. చెల్లికి మాత్రం అబ్బా ఉండగా ఏ లెక్కలోనూ రాదు.

అసలు చిక్కు మధ్యలో ఉంది. బాబు పుట్టి, ఏడ్చి, గంటకే పోతే? ఆ గంట చాలు, వాడు వారసుడే. వాడి 13 లక్షలు మళ్లీ వాడి వారసులకు వెళ్తాయి: మూడో వంతు తల్లికి, మిగతాది దాదాకు. తల్లి ఉండగా దాదీకి అందులో ఏమీ రాదు. మొత్తం కలిపితే బిడ్డ తల్లికి సుమారు 7.33 లక్షలు, దాదాకు 12.67, దాదీకి 4 లక్షలే. చనిపోయి పుట్టి ఉంటే దాదీకి 6 వచ్చేవి. ఒక్క ఊపిరికి రెండు లక్షల తేడా.

ఆ ఊపిరికి సాక్ష్యం కాగితమే. ఇలా పుట్టి పోయిన బిడ్డను నమోదు చేయించాలన్న ఆలోచన ఆ దుఃఖంలో చాలామందికి రాదు. నిజానికి జనన నమోదు, మరణ నమోదు రెండూ చేయించాలి. 1969 చట్టం ప్రకారం గడువు 21 రోజులు. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. డిశ్చార్జ్ కాగితంలో "సజీవంగా పుట్టింది" అని ఉందో లేదో ఆసుపత్రి వదిలే ముందే చూసుకోవాలి.

కాబట్టి ప్రసవం దాకా పంపకం ఆపాలి. కవలలు పుట్టినా లెక్క మారుతుంది మరి. ఆమె ఇద్దత్ కూడా ప్రసవంతోనే ముగుస్తుంది. నాలుగు నెలల పది రోజుల లెక్క గర్భంతో లేని వితంతువుకే. ఈలోపు బ్యాంకులో నామినీ డబ్బు తీసుకోవచ్చు, కానీ అది నామినీ సొంతం అయిపోదు, వారసులందరిదీ.

బిడ్డ క్షేమంగా ఉంటే ఇంకో మార్పు. పెంచేది తల్లే అయినా, బిడ్డ ఆస్తికి చట్టం గుర్తించే గార్డియన్ తండ్రి వసియత్‌లో పెట్టిన మనిషి, లేకపోతే దాదా. కోర్టు నియమిస్తే తప్ప తల్లి ఆ ఆస్తిని అమ్మలేదు. ఇది తెలియక చేసిన రిజిస్ట్రేషన్లు పిల్లలు పెద్దయ్యాక కోర్టుకెక్కుతాయి.

తర్వాత దాదా పోయినప్పుడు? ఈ ఉదాహరణలో ఆయనకు వేరే కొడుకు లేడు కాబట్టి మనవడికి వస్తుంది. ఒక్క చాచా బతికి ఉన్నా మనవడికి వారసత్వంగా ఏమీ రాదు. పాకిస్తాన్‌లో 1961లో దీన్ని చట్టంతో మార్చారు, మన దగ్గర అలాంటి చట్టం లేదు. దారి దాదా చేతిలోనే ఉంది: వారసుడు కాని మనవడికి మూడో వంతు దాకా వసియత్ రాయొచ్చు, లేదా బతికుండగానే హిబా చేయొచ్చు. హిబా అయితే స్వాధీనం కూడా అప్పగించాలి. కాగితం రాసి బీరువాలో పెట్టుకుంటే చెల్లదు.