ముల్లు కదలకపోతే చల్లగా ఉన్నట్టు కాదు

పాత కారున్న ఇంట్లో సీటు కవర్లు ఉతికేదీ, ముందు నిమ్మకాయ కట్టేదీ, దసరాకి పసుపు కుంకుమ పెట్టేదీ మనమే. స్టీరింగు వెనకున్న మీటర్లను మాత్రం మగవాళ్ల వ్యవహారమని వదిలేస్తాం. పెట్రోలు మీటరు సంగతి అందరికీ తెలుసు. ఒక చివర ‘సి’, మరో చివర ‘హెచ్’ అని రాసి ఉండే హీటు మీటరు వంక చూసేవాళ్లే తక్కువ. మన కర్నూలు, కడప ఎండల్లో పాత బండి ప్రాణం ఆ ముల్లు మీదే ఉంటుంది.

2014 దాకా బెంగాల్లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్లు, బొంబాయి నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినీలు ఇప్పటికీ కొన్ని ఇళ్ల ముందు కనిపిస్తుంటాయి. అమ్మితే వచ్చేది ఇనుము ధర. ఉంచుకుంటే అదొక మనిషి జ్ఞాపకం. మా ఇంట్లో ఉన్న పాత కారూ అట్లాంటిదే. మామగారు పోయాక అత్తయ్య దాన్ని అమ్మనివ్వలేదు.

కిందటి వేసవిలో బంధువుల పెళ్లికి ఆ కార్లోనే కర్నూలు నుంచి కడపకు బయల్దేరాం. నంద్యాల, ఆళ్లగడ్డ దాటాం. చాగలమర్రి దగ్గరపడేసరికి బానెట్టు సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది. మీటర్లో ముల్లు మాత్రం ‘సి’ మీద హాయిగా పడుకుని ఉంది! మావారు గుడ్డ తీసుకుని రేడియేటరు మూత తిప్పబోతుంటే, వెనక సీట్లోంచి అత్తయ్య “ఆగు నాయనా! విజిలొచ్చే కుక్కరు మూత ఎవరైనా తీస్తారా?” అని కేకేశారు.

ఆమె అన్నది అక్షరాలా నిజం. నీళ్లు మామూలుగా 100 డిగ్రీలకు మరుగుతాయి. రేడియేటరుకు 7 పౌన్ల ఒత్తిడి మూత బిగిస్తే సుమారు 110 డిగ్రీల దాకా మరగవు. ఆ వేడిలో మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, సలసలమనే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. ఆ రోజు మేం చెట్టు కింద కూర్చుని బండి చల్లారేదాకా ఆగాం. చేతులు, మొహాలు దక్కాయి గానీ అప్పటికే హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది. దాని ఖర్చుతో అట్లాంటి మీటర్లు ఎన్నో కొనొచ్చు.

ఎందుకు సార్ ఆ మీటరు?

ఇంజను బాగుచేసిన మెకానిక్కు, “ఈ మీటరెందుకు సార్, తీగ పీకేస్తా. పాత బండ్లకు ఎవరు చూస్తారు?” అన్నాడు. “మరి మళ్లీ వేడెక్కితే మాకెట్లా తెలుస్తుంది?” అని అడిగింది నేను. అతను జవాబు చెప్పింది మావారి వైపు చూస్తూ. అసలు ఆ సంగతేమిటో తేల్చుకోవాలనిపించింది. వెతగ్గా వెతగ్గా కర్నూల్లో పాత మీటర్లు బాగుచేసే ఒక పెద్దాయన దొరికాడు.

ఈ మీటర్లు రెండు రకాలట. మొదటిది తీగగొట్టం రకం. ఇంజన్లో దిగిన చిన్న బుడ్డి నుంచి మీటరు దాకా సన్నటి రాగి గొట్టం, లోపల ఈథర్ లాంటి ద్రవం. వేడికి ఆవిరి ఒత్తిడి పెరిగి, మీటర్లో వంపు తిరిగిన గొట్టం కొద్దిగా విచ్చుకుంటుంది. ముల్లు కదులుతుంది. ఆ వంపు గొట్టం 1849లో ఫ్రాన్సులో బూర్డాన్ అనే ఆయన కనిపెట్టింది. రాగి గొట్టం ఎక్కడ చిట్లినా ద్రవం పోతుంది, ముల్లు చచ్చిపోతుంది. ఈథర్ 35 డిగ్రీలకే మరుగుతుంది, ఇట్టే అంటుకుంటుంది. మే నెలలో మన ఇంటి గదే అంతకన్నా వేడి! కాబట్టి దాన్ని అతికించే పని ఇంట్లో పెట్టుకోకండి. తెలిసినవాళ్లకివ్వండి, లేదా గొట్టంతో సహా కొత్తది వేయించండి.

రెండోది కరెంటు రకం. మాది ఇదే. ఇంజన్లో ఇత్తడి బోల్టులా బిగించి ఉండేది సెండరు. వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గి, మీటరుకు ఎక్కువ కరెంటు పోతుంది. పెద్దాయన తాళం తిప్పి, సెండరు మీది తీగ ఊడదీసి, ఇంజను ఇనుముకు ఒక్క క్షణం తాకించాడు. ఏళ్లుగా లేవని ముల్లు చకచకా పైకెక్కింది! “మీటరు సావలేదమ్మా, సెండరే సచ్చింది” అన్నాడు నవ్వుతూ.

విప్పి చూస్తే సెండరు చుట్టూ తెల్లటి పొర. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున మనం రోజూ చూసేదే! మన ఉప్పునీళ్ల బోర్లు రేడియేటరునూ వదలవు. ఆ పొర గీకేసి, వేడినీళ్లలో ముంచి పరీక్షిస్తే నిరోధం మారనేలేదు. ఇక కొత్త సెండరు వేయక తప్పలేదు. “మరకు సరిపోతే చాలదమ్మా, మీటరుకూ జోడీ కుదరాల. లేకుంటే ముల్లు లేస్తాది గానీ అబద్ధం చెప్తాది” అన్నాడు. ఇప్పుడు దారిలో ముల్లు చూసే పని అత్తయ్యది.

ఇవి గుర్తుంచుకోండి

* బండి పావుగంట నడిచినా ముల్లు లేవకపోతే పరీక్ష చేయించండి. తీగను ఇంజనుకు ఎక్కువసేపు తాకించి ఉంచితే మీటరు పాడవుతుంది.

* పెట్రోలు ముల్లు, హీటు ముల్లు రెండూ ఒకేసారి తప్పు చూపిస్తే, చాలా పాత బండ్లలో తప్పు వాటికి కరెంటు సరిచేసే స్టెబిలైజరుది.

* సెండరు మరకు టేపు మందంగా చుట్టనివ్వకండి. దానికి ఎర్తు అందేది ఆ మర గుండానే.

* నీళ్లు సెండరు కిందికి దిగిపోతే మంచి మీటరు కూడా తక్కువే చూపించొచ్చు. అందుకే ఉదయాన్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, నీళ్లు చూసుకోండి.

* బోరు నీళ్లు వద్దు. డిస్టిల్డ్ వాటర్లో కూలెంటు కలిపి పోయించండి.

* ఆవిరి వస్తే నీడన ఆపి ఇంజను కట్టేయండి. పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టొద్దు. కాలిన ఇంజన్లో చన్నీళ్లు పోస్తే ఇనుము పగలొచ్చు.

గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు పాలకోవా ఎక్కడ కొందామా అని చూస్తాం కదా, ఆ చూపులో సగం ఆ ముల్లు మీద పెట్టండి. డ్రైవింగు రాకపోయినా ఫర్వాలేదు. పాలు పొంగకముందే పొయ్యి తగ్గించడం మనకెవరూ కొత్తగా నేర్పక్కర్లేదు!